ఆసుపత్రికి రానివారిని లెక్కించే చదువు

ఎంపీహెచ్‌లో, అంటే ప్రజారోగ్యంలో పీజీ చదువులో, చేరిన పిల్లలకు నేను మొదటి తరగతిలో చెప్పే పాఠం బడి లెక్కల పుస్తకంలోనిదే: లవం, హారం. ఒక ఊళ్లో పన్నెండుమందికి కిడ్నీ జబ్బు ఉందని తెలిసిందనుకుందాం. ఆ పన్నెండు లవం. ఆ ఊళ్లో ఆ జబ్బు రావడానికి వీలున్న వయసువారు మొత్తం ఎంతమంది, వారిలో ఎంతమందికి నిజంగా పరీక్ష జరిగింది అన్నది హారం. లవం ఆసుపత్రి రిజిస్టరులో దొరుకుతుంది. హారం మాత్రం ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ తిరిగితే తప్ప దొరకదు. వైద్యుడు తన ఎదుట కూర్చున్న రోగిని చూస్తాడు, అది అతని ధర్మం. ఆ కుర్చీ దాకా రాలేకపోయినవాళ్లు ఎవరు, ఎందుకు రాలేకపోయారు అని అడగడం ప్రజారోగ్య విభాగం చేయవలసిన పని. విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉండవలసిన అవసరం నాకు ఇందులోనే కనిపిస్తుంది కాబట్టి, ఈ చదువు గురించి రాయాలనుకున్నప్పుడల్లా నా ఆలోచన హారం దగ్గరికే వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య ఉన్న పల్లెల్లో కిడ్నీ జబ్బు విపరీతంగా ఉందని మనకు చాలాకాలంగా తెలుసు. ఈ జబ్బు మొదటి దశల్లో మనిషికి ఏ బాధా కలిగించదు. కిడ్నీలు చాలావరకు పాడైన తర్వాతే కాళ్ల వాపులు, ఆయాసం, వాంతులు కనిపిస్తాయి. కాబట్టి విశాఖపట్నం ఆసుపత్రి వార్డులో కనిపించేవారు జబ్బు చివరి దశకు చేరినవారు, దారి ఖర్చులు భరించగలిగినవారు, వెంట తీసుకువెళ్లే మనిషి ఉన్నవారు మాత్రమే. వారిని లెక్కబెట్టి ఊళ్లో జబ్బు ఇంత ఉందని చెప్పలేము. కిడ్నీలు వడపోయవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఒకసారి ఎక్కువగా వచ్చినంత మాత్రాన అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని కూడా అనకూడదు, ఎందుకంటే ఆ లోపం మూడు నెలలకు పైగా కొనసాగితేనే దానికి ఆ పేరు పెట్టాలన్నది నిర్వచనం. అంటే పరిశోధకుడు అదే ఇంటికి మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, అదే మనిషిని కలిసి, మళ్లీ రక్తం అడగాలి. కారణం వెతకాలంటే ఇంకా కష్టం. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి, ఏదీ తుది కారణంగా రుజువు కాలేదు. అదే నీళ్లు తాగి, అదే తోటలో పనిచేసి, జబ్బు రాకుండా ఉన్న మనిషిని కూడా జబ్బుపడిన మనిషిని చూసినంత శ్రద్ధగానే పరీక్షిస్తే గానీ ఈ అనుమానాల్లో ఏది నిలుస్తుందో, ఏది రాలిపోతుందో తేలదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించడానికి ఆసుపత్రికి తీరిక ఉండదు. ఆ పని విశ్వవిద్యాలయాలూ పరిశోధన సంస్థలూ చేయకపోతే మరెవరూ చేయరు.

హారం కట్టడం వినడానికి తేలికగా ఉంటుంది, వీధిలోకి దిగితే తెలుస్తుంది. రంగారెడ్డి జిల్లా పల్లెలో మా విద్యార్థిని ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, "అవ్వా, మీ ఇంట్లో ఎంతమంది ఉంటరు?" అని అడిగింది. "మేం ముసలోళ్లం ఇద్దరమే బిడ్డా. కొడుకు, కోడలు పట్నంల ఉంటరు. మా బిడ్డ కాన్పుకొచ్చింది, ఇంకో నెలైతే అత్తగారింటికి పోతది" అని ఆమె చెప్పింది. ఆ అమ్మాయి ప్రశ్నావళిలో రెండు అని రాయబోయి ఆగి నావైపు చూసింది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం అన్న జనగణన నిర్వచనం ఆమెకు కంఠతా వచ్చు. ఆ ప్రకారం చూస్తే కాన్పుకు వచ్చిన కూతురు ఈ ఇంటి మనిషి అవునా, కాదా? ఈ ఊళ్లో ఆమెను "అత్తగారి ఊరి మనిషి" అని వదిలేసి, ఆ ఊళ్లో "పుట్టింటికి వెళ్లింది" అని వదిలేస్తే, ఆ తల్లీ పుట్టిన పసిబిడ్డా ఇద్దరూ ఏ లెక్కలోకీ రారు. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి, ఈ ఒక్క చిక్కును సరిగా తేల్చుకోని సర్వే, బిడ్డల బరువు గురించీ బాలింతల రక్తహీనత గురించీ ఏం చెప్పినా అనుమానంతోనే చదవాలి. ఎన్ని నెలలుగా ఉంటే ఈ ఇంటి మనిషిగా రాసుకోవాలో, కొద్దికాలానికి వచ్చినవారిని ఏ గడిలో రాయాలో ఊళ్లోకి అడుగుపెట్టక ముందే నిర్ణయించుకుని, అన్ని ఇళ్లలోనూ అదే నియమం పాటించాలి.

తాళం వేసిన ఇళ్ల సంగతి మరొకటి. పగటిపూట వెళితే సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు కూలికో, ఉపాధి హామీ పనికో పోయి ఉంటారు. తలుపు తీసి ఉన్న పక్కింటివాళ్లతో సరిపెట్టుకుందామని కొత్త విద్యార్థులకు అనిపించడం సహజం. అలా చేస్తే మన లెక్కలో ఇంటి పట్టున ఉండగలిగినవాళ్లు పెరిగి, రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లు తగ్గిపోతారు. ఇటుక బట్టీలకు వలసపోయిన కుటుంబాలైతే పూర్తిగా జారిపోతాయి. జబ్బు భారం ఎక్కువగా మోసేవాళ్లు తరచుగా ఆ తాళాల వెనకే ఉంటారు. అందుకని పొద్దున్నే ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి, మరో రోజు ఇంకోసారి వెళ్లాలన్నది మా విభాగంలో నియమం. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని ఇళ్లలో మనుషులు దొరికారు, ఎంతమంది వద్దన్నారు అన్న మూడు సంఖ్యలు లేని నివేదికను నేను ముందుకు పంపను.

కొలతల విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. బీపీ చూడడం ఎవరికైనా వచ్చు అనుకుంటాం. మనిషిని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేతికి తగిన పట్టీ కట్టి, ఒకటికి రెండు మూడుసార్లు చూసి, కనిపించిన అంకెను కనిపించినట్టే రాయడం వేరు. రోజంతా ఎండలో తిరిగిన విద్యార్థి పాదరసం పరికరం మీద 134ను 130 అనీ, 128ను 130 అనీ రాయడం మొదలుపెడితే, వందల కొలతలను ఒకచోట పేర్చినప్పుడు సున్నాతో ముగిసే అంకెలు గుట్టగా పడి కనిపిస్తాయి. ఆ గుట్టను చూపించి, ఎవరి రోజులో ఎన్ని సున్నాలు వచ్చాయో గోడమీద బొమ్మగా అంటించడం మా శిక్షణలో భాగం. వయసుల లెక్కలోనూ ఇదే జరుగుతుంది: అడిగినవాళ్లందరూ నలభై, నలభై అయిదు, యాభై దగ్గర ఆగిపోతారు. అప్పుడు ఊరి జ్ఞాపకాలే ఆధారం. "ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు మీరు ఎంతవారు, పెళ్లి అయిందా?" అని అడిగితే 1983 దగ్గర ఒక మేకు దిగుతుంది, కృష్ణా జిల్లాలో అయితే 1977 దివిసీమ ఉప్పెన. ఇలాంటి సంఘటనల పట్టికను ఊరి పెద్దవాళ్లతో కూర్చుని తయారుచేసుకోవడం నా దృష్టిలో ఏ గణాంక సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికీ తీసిపోని చదువు.

ఇంత ఓపిక దేనికని విద్యార్థులు అడిగితే, నేను హైదరాబాద్ న్యూట్రిషన్ ట్రయల్ కథ చెబుతాను. తెలుగువారి పల్లెల్లో జరిగిన ప్రజారోగ్య పరిశోధనల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో దీన్ని చేపట్టింది. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైనా అప్పటికి అన్ని బ్లాకులకూ చేరలేదు. పథకం చేరిన బ్లాకులోని 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం అందింది. పక్క బ్లాకులోని 14 పల్లెల్లో అప్పటికి అందలేదు. ఆ ఆహారం మొక్కజొన్న, సోయా పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా. తల్లులకు దాని ద్వారా రోజుకు సుమారు 500 కిలోకాలరీలు, పిల్లలకు సుమారు 300 కిలోకాలరీలు అందేవి. అప్పటి ప్రశ్న చిన్నది: తల్లి తింటే బిడ్డ బరువు పెరుగుతుందా?

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. 2003–05లో పరిశోధకులు ఆ పల్లెలకే తిరిగివెళ్లి, ఆ రోజుల్లో పుట్టిన పిల్లలను వెతికారు. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యారు. పరీక్షకు వచ్చినవారు 1,165 మంది. ఉప్మా అందిన పల్లెల్లోని పిల్లలు, అందని పల్లెల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడాన్ని సూచించే కొలత వారిలో 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసుదనాన్ని చూపే సూచిక 3.3 శాతం తక్కువగా ఉంది. బీపీలోనూ కొవ్వుల్లోనూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ అధ్యయనమే తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా కలుపుకుని ఏపీక్యాప్స్ (ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనం) అన్న పేరుతో కొనసాగింది. జాతీయ పోషకాహార సంస్థతో పాటు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, హైదరాబాద్‌లోని భారతీయ ప్రజారోగ్య సంస్థ అందులో పాలుపంచుకున్నాయి.

దీన్ని తరగతిలో చెప్పేటప్పుడు దాని లోపాలనూ అంతే వివరంగా చెబుతాను. ఏ ఊరికి ఆహారం అందాలో చీటీలు వేసి నిర్ణయించలేదు, పథకం ఏ బ్లాకుకు ముందు వెళ్లిందో దాన్నిబట్టి జరిగిపోయింది. కాబట్టి రెండు బ్లాకుల మధ్య అంతకుముందే ఉన్న తేడాలు ఫలితాల్లోకి చొరబడి ఉండవచ్చు. ఆనాడు పుట్టినవారందరూ పరీక్షకు దొరకలేదు. ఊరు విడిచిపోయినవారు ఎలా ఉన్నారో ఉన్నవారిని చూసి చెప్పలేము. హారంలో మళ్లీ అదే చిక్కు. అయినా, ఒక అంగన్‌వాడీలో వడ్డించిన ఉప్మా పదిహేనేళ్ల తర్వాత ఒక కుర్రవాడి రక్తనాళాల్లో ఏం చేసిందో అడగగలిగే స్థితికి మనం వచ్చామంటే, ఆనాడు ఏ ఇంట్లో ఎవరు పుట్టారో జాగ్రత్తగా రాసిపెట్టినవారు ఉండడమే కారణం.

ఇంగ్లండులోనూ ఇలాగే జరిగింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ముఖ్య ఆరోగ్య సందర్శకురాలి ఆధ్వర్యంలో నర్సులు, మంత్రసానులు పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ, ఏడాది నిండినప్పటి బరువునూ పుస్తకాల్లో రాసిపెట్టారు. దశాబ్దాల తర్వాత సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ బార్కర్ బృందం ఆ పుస్తకాలను వెలికితీసి, 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల జీవితాలను వెంబడించింది. ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్నవారు పెద్దయ్యాక గుండె జబ్బుతో చనిపోవడం ఎక్కువని 1989లో చూపించింది. మన సబ్‌సెంటర్లలో ఏఎన్‌ఎంలు, అంటే ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, రాస్తున్న రిజిస్టర్లు ఏ మాత్రం తక్కువవి? వాటి మీద మన విశ్వవిద్యాలయాలు చేస్తున్న పని చాలా తక్కువ. పాత రిజిస్టర్లు చెదలుపట్టి పోతుంటే, కొత్త ప్రశ్నావళికి నిధులు అడగడం మాత్రం మనకు అలవాటైపోయింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఈ చదువు మన దేశానికి కొత్తదేమీ కాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1916లో ప్రజారోగ్య పాఠశాలను స్థాపిస్తే, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో కలకత్తాలో అఖిల భారత పారిశుధ్య, ప్రజారోగ్య సంస్థ 1932లోనే వచ్చింది. వైద్య విద్యార్థికి మూడు నెలలపాటు నివారక, సామాజిక వైద్యంలో శిక్షణ ఉండాలని, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం ఈ విద్య వైద్య కళాశాలల్లో ఒక పరీక్ష పేపరుగానే మిగిలిపోయింది. 1997లో తిరువనంతపురంలోని అచ్యుతమేనన్ కేంద్రం ఎంపీహెచ్ మొదలుపెట్టాక, డాక్టర్లు కానివారికి కూడా ఈ తలుపు తెరుచుకుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంతో సహా పలుచోట్ల ఇప్పుడు నర్సింగ్, దంత వైద్యం, గణాంకశాస్త్రం, సామాజిక సేవ చదివినవారు ఒకే బల్లమీద కూర్చుని ఎపిడెమియాలజీ, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎంత, ఎందుకు వస్తాయో లెక్కగట్టే విద్య, నేర్చుకుంటున్నారు. ఇది మంచి మార్పు అని నా అభిప్రాయం, ఎందుకంటే తాళం వేసిన ఇంటి గురించి ఒక సామాజిక కార్యకర్త అడిగే ప్రశ్న డాక్టరుకు తట్టకపోవచ్చు.

చదివినవాళ్లకు ఉద్యోగం ఏదన్నది మాత్రం తేలని సమస్యే. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం కోస్తా, రాయలసీమలకూ వర్తించింది. ఆ వారసత్వాన్ని నిలబెట్టుకున్న తమిళనాడులో ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్, దానికి తగిన అధికారుల వరస ఉన్నాయి. ప్రతి రాష్ట్రంలోనూ అలాంటి అధికారుల వరస, అంటే ప్రజారోగ్య క్యాడర్, ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. అది సక్రమంగా జరిగే దాకా మా విద్యార్థుల్లో చాలామంది ఏడాది ఏడాదికీ పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగాల్లోనే ఉండిపోతారు, ప్రాజెక్టు ముగియగానే ఊళ్లో వారు సంపాదించుకున్న నమ్మకం కూడా వారితోపాటే వెళ్లిపోతుంది.

నమ్మకం అన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఒక పల్లెలో రక్తపరీక్షకు అనుమతి అడుగుతుంటే ఒకామె, "ఇదివరకు కూడా ఎవరో వచ్చి రక్తం తీస్కపోయిండ్రు సారూ. అందుల ఏముందో ఇంతవరకు చెప్పనే లేదు" అంది. ఎవరు తీసుకువెళ్లారో ఆమెకు పేరు గుర్తులేదు, నేనూ ఆరా తీయలేదు. ఆమె ఫిర్యాదు న్యాయమైనది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న వైద్య పరిశోధకులు వులిమిరి రామలింగస్వామి గారి పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి ఆయన, ఆయన సహచరులు లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపిణీ చేయించారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు అందినచోట గాయిటర్ (అయోడిన్ లోపంతో వచ్చే గొంతు వాపు) బాగా తగ్గింది. అది తేలిన తర్వాత మూడో భాగానికి కూడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు. జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలైంది. మూడో భాగంలోని పిల్లలు అన్నేళ్లు ఎదురుచూడవలసి రావడం సరైనదేనా అన్న చర్చ మా తరగతిలో ప్రతి ఏడూ గట్టిగానే జరుగుతుంది, జరగాలి కూడా. కానీ ఫలితం ఎవరి నుంచి వచ్చిందో వారికే తిరిగి చేరిందన్నది కాదనలేని విషయం.

మా విభాగంలో ఇప్పుడు బీపీ, హిమోగ్లోబిన్ చీటీ ఆ రోజే ఇంట్లోవాళ్ల చేతికి ఇస్తున్నాము. ప్రమాదకరంగా ఉన్నవారి విషయం ఏఎన్‌ఎంకు అదే సాయంత్రం తెలియజేస్తున్నాము. అధ్యయనం ముగిశాక విద్యార్థులు ఊరి పంచాయతీ ఆఫీసులో, పటాలూ శాతాలూ లేకుండా, ఊరివాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఏం కనుక్కున్నారో చెప్పాలి. దానికి మార్కులు ఉంటాయి. థీసిస్ సమర్పణలో అనర్గళంగా మాట్లాడిన విద్యార్థులు అక్కడ, "అయితే మా బోరు నీళ్లు తాగొచ్చా, వద్దా?" అన్న ప్రశ్నకు నీళ్లు నమలడం చూశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తమ అధ్యయనంలో ఇంకా ఏం కొలిచి ఉండాల్సిందో ఆ క్షణంలో వాళ్లకు తెలుస్తుంది, రెండో ఏడాది వాళ్ల ప్రశ్నావళులు దాన్నిబట్టి మారతాయి.

ఎంపీహెచ్‌లో ఎక్కడ చేరాలని చాలామంది నాకు రాస్తుంటారు. ర్యాంకులూ భవనాలూ చూసేముందు ఆ విభాగాన్ని మూడు సంగతులు అడగమని చెబుతాను. మీకు సొంత క్షేత్ర ప్రాంతం ఉందా, ఉంటే అవే ఊళ్లకు ఎన్నేళ్లుగా వెళుతున్నారు? విద్యార్థి ఎన్ని వారాలు ఊళ్లో గడుపుతాడు? పోయినసారి చేసిన అధ్యయనం ఫలితాన్ని ఆ ఊరివాళ్లకు ఎవరు, ఎప్పుడు చెప్పారు? మొదటి రెండింటికి జవాబు దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. మూడోదానికి తేదీతో సహా జవాబు చెప్పగలిగిన విభాగం దొరికితే, ఫీజు కాస్త ఎక్కువైనా అక్కడే చేరండి.